‘అక్కా’ పోయి ‘మేడమ్’ వచ్చాక: ఒక నర్సింగ్ ఇన్‌చార్జ్ కేసు

గుండె దడ అని వచ్చారామె. అప్పటికే ఫిజీషియన్ ఈసీజీ, ఎకో, థైరాయిడ్, హిమోగ్లోబిన్ అన్నీ చూసి, ఏమీ లేదని తేల్చి, ఒకసారి కౌన్సెలింగ్‌కి వెళ్ళి చూడండి సిస్టర్ అని నా దగ్గరికి పంపారు. వయసు 43. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివి 20 ఏళ్ళుగా నర్సింగ్‌లో ఉన్నారు. గుంటూరులో 200 పడకల ప్రైవేటు ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుగా చేరి, వార్డు ఇన్‌చార్జ్ అయి, మూడేళ్ళ కిందట మొత్తం నర్సింగ్‌కే ఇన్‌చార్జ్ అయ్యారు. నూటికి పైగా నర్సులకు డ్యూటీలు వేసేది ఆమే.

నా క్లినిక్ విజయవాడ సూర్యారావుపేటలో. గుంటూరు నుంచి ఇంత దూరం ఎందుకని అడిగాను. "కొత్తపేటలో ఏ ఆస్పత్రి మెట్లెక్కినా నాతో పనిచేసిన అమ్మాయి ఎవరో ఒకరు ఎదురవుతారండీ. నమస్తే మేడమ్, ఏంటిలా వచ్చారు అంటారు. ఏం చెప్పను?" అన్నారు. సగం కేసు ఆ మాటలోనే ఉంది. నాకది అప్పుడు అర్థం కాలేదు.

కుటుంబ వివరాలు, ఆస్పత్రి ఆనవాళ్ళు కొన్ని మార్చాను. రాసిందంతా ఆమెకు చదివి వినిపించి, సరేనన్నాకే బయట పెడుతున్నాను. మారుపేరు పెట్టబోతే ఆమే వద్దన్నారు. "పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరనే కదండీ మీ దగ్గరికి వచ్చింది. పేరు లేకుండానే రాయండి."

మొదట నేను రాసుకున్నది

మొదటి రెండు వారాలు ఆమె తన గురించి ఒక్క ముక్క చెప్పలేదు. అంతా రోస్టర్ గురించే. ఐసీయూలో వెంటిలేటర్ మీదున్న పేషెంటు పక్కన ఒక నర్సు ఉండి తీరాలి. ఇద్దరు చెప్పాపెట్టకుండా మానేశారు. ఒకమ్మాయి జర్మన్ క్లాసులకు వెళుతూ నైట్లు వద్దంటోంది. సంక్రాంతికి అందరికీ సెలవు కావాలి. ఒకవైపు ఆస్పత్రి నాణ్యతకు గుర్తింపునిచ్చే ఎన్ఏబీహెచ్ ఫైళ్ళు, ఇంకోవైపు ఎన్టీఆర్ వైద్య సేవ కేసుల కాగితాలు. రాత్రి పదకొండింటికి ఫోన్ మోగిందంటే నైట్ డ్యూటీకి ఎవరో రాలేదని. మోగకపోయినా మోగుతుందేమోనని మెలకువ. దడ వచ్చేది సరిగ్గా ఆ వేళకే.

డిప్రెషన్ లక్షణాలను కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో 11 వచ్చింది. 27కి 10 నుంచి 14 దాకా వస్తే మధ్యస్థ స్థాయి డిప్రెషన్ లక్షణాలుగా తీసుకుంటాం. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా అన్న ప్రశ్నకు లేదని స్పష్టంగా చెప్పారు. అయినా ఆ ప్రశ్న ప్రతి నెలా అడుగుతూనే ఉన్నాను. పని భారం వల్ల వచ్చిన అలసట అని ఫైల్లో రాసుకుని, నిద్ర వేళలు సరిచేయడం, శ్వాస మీద ధ్యాస, పనులు కిందివాళ్ళకు పంచడం, ఇలా మొదలుపెట్టాను. దడ కొంచెం తగ్గింది. ఆమె ముఖం మాత్రం మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

నాలుగో వారం, తిండి వేళలు రాసుకోవడం కోసం, మధ్యాహ్నం భోజనం ఎన్నింటికి చేస్తారని అడిగాను. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

క్యారేజీ

"ఇన్‌చార్జ్ కాకముందు డ్యూటీ రూములో తినేవాళ్ళమండీ. ఒక ఇనప బల్ల, నాలుగు స్టూళ్ళు. ఇద్దరు తింటుంటే ఇద్దరు వార్డు చూసేవాళ్ళు. క్యారేజీలన్నీ బల్ల మీద విప్పేసేవాళ్ళం. ఎవరి గోంగూర ఎవరు తిన్నారో లెక్కుండేది కాదు. నేను చేపల పులుసు తెచ్చిన రోజు నాకు ముక్క మిగిలేది కాదు."

ప్రమోషన్ ఆర్డరు శుక్రవారం చేతికొచ్చింది. శనివారం మధ్యాహ్నం ఎప్పటిలాగే క్యారేజీ పట్టుకుని అదే గదికి వెళ్ళారు. వరండాలోకి నవ్వులు వినిపిస్తున్నాయి. తలుపు తీశారు.

"లేచి నిలబడ్డారండీ. అందరూ. ఒకమ్మాయి నోట్లో ముద్ద ఉంది, అలాగే లేచింది. స్టూలు చున్నీతో తుడిచి, రండి మేడమ్ అంది. నిన్నటిదాకా అక్కా అన్న పిల్ల."

ఐదు నిమిషాలు కూర్చుని, ఎవరో ఫోన్ చేశారని చెప్పి లేచి వచ్చేశారు. ఆ రోజు నుంచి భోజనం తన గదిలోనే, దుప్పట్ల బీరువాకి, రిజిస్టర్ల ర్యాకుకి మధ్య, తలుపు దగ్గరగా వేసుకుని. ఈ మూడేళ్ళలో ఆ గదిలో తనతో కూర్చుని అన్నం తిన్న మనిషి లేరన్నారు. కళ్ళ నీళ్ళు పెట్టుకోలేదు. చెబుతున్నంతసేపూ క్యారేజీ సంచి పట్టీని వేలికి చుడుతూ విప్పుతూ ఉన్నారు.

మరి పైన? మేనేజ్‌మెంట్ మీటింగులో డాక్టర్లు, అకౌంట్స్, మార్కెటింగ్ వాళ్ళ మధ్య నర్సు ఆమె ఒక్కరే. తలుపు పక్క కుర్చీ. ఆమెను అడిగేది ఒకే ప్రశ్న, స్టాఫ్ ఎందుకు తగ్గారని. "పైన కూర్చుంటే నేను స్టాఫ్ మనిషినండీ. కింద వార్డులోకి వస్తే మేనేజ్‌మెంట్ మనిషిని." ఆ మధ్య ఒక జూనియర్ ఫోన్‌లో ఏదో చూపిస్తుంటే, తను లేని ఇంకో వాట్సాప్ గ్రూపు కంటపడింది. గ్రూపు పెట్టుకోవడం తప్పు కాదని ఆమెకూ తెలుసు. తనూ ఒకప్పుడు పాత మేట్రన్ లేని చోట పాత మేట్రన్ గురించి మాట్లాడుకుంది కదా. తెలిసినా నొప్పి నొప్పే.

అప్పుడు కొలిచాను. డేనియల్ రస్సెల్ 1996లో సవరించిన యూసీఎల్ఏ ఒంటరితనం ప్రశ్నావళిలో 20 ప్రశ్నలుంటాయి, మార్కులు 20 నుంచి 80 దాకా, ఎంత ఎక్కువైతే ఒంటరితనం అంత ఎక్కువ. ఆమెకు 58 వచ్చింది. ఎడ్ డీనర్ బృందం 1985లో తయారుచేసిన జీవిత సంతృప్తి ప్రశ్నావళిలో ఉన్నవి ఐదే వాక్యాలు, ఒక్కోదానికి 1 (అస్సలు ఒప్పుకోను) నుంచి 7 (పూర్తిగా ఒప్పుకుంటాను). మొత్తం 20 వస్తే అటూ ఇటూ కాని మధ్య స్థితి. ఆమెకు 13. అందులో ఐదో వాక్యం, జీవితం మళ్ళీ బతకమంటే దాదాపు ఏదీ మార్చుకోనన్నది. దానికి ఆమె వేసుకున్నది 1. వాక్యాలు తెలుగులో నేనే చదివి జవాబులు రాసుకున్నాను కాబట్టి ఈ అంకెల్ని ఆమె పాత అంకెలతోనే పోలుస్తున్నాను, ఇంకెవరితోనూ కాదు.

నేను చేసిన పొరపాటు

నాకు దారి దొరికిందనుకున్నాను. వారానికి ఒక్క రోజు మళ్ళీ డ్యూటీ రూముకి వెళ్ళి వాళ్ళతో కలిసి తినండి, మొదట ఇబ్బందిగా ఉన్నా మెల్లగా అలవాటవుతుంది అని చెప్పాను. ఆమె వెళ్ళారు. నర్సులు పది నిమిషాల్లో తినేసి, చేతులు కడుక్కుని వార్డులోకి వెళ్ళిపోయారు. లంచ్ టైము ఎంతసేపు వాడుతున్నామో చూడ్డానికి వచ్చారని మరునాటికి ఆస్పత్రంతా పాకింది. ఆమె తర్వాతి వారం అపాయింట్‌మెంట్ రద్దు చేసుకున్నారు. ఆ పై వారం కూడా.

ఈ పొరపాటు దాచకుండా రాయడానికి కారణం ఉంది. ఒంటరితనం అనగానే మనలో చాలామందికి నోటికొచ్చే సలహా ఇదే, నలుగురిలో కలవండి అని. ఆమె నలుగురిలో లేకపోతే కదా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆమె చుట్టూ మనుషులే. 2025 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదిక ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని చెప్పింది. ఆ సంగతి మాటల్లో వచ్చినప్పుడు ఆమె అడిగింది ఒక్కటే: "వందమంది మధ్యలో ఉన్నవాళ్ళని కూడా అందులో వేశారంటారా?"

తిరిగి వచ్చినప్పుడు భర్తను వెంటబెట్టుకుని వచ్చారు. ఆయన గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్లో గుమస్తా. సీజన్‌లో తెల్లారకముందే వెళ్ళి, ఒళ్ళంతా మిరప ఘాటుతో రాత్రికి వచ్చే మనిషి. ఆస్పత్రి గొడవలు ఇంటికి తేకు అంటారని ఆమె ఫిర్యాదు. ఆయన అది కాదనలేదు. "తను చెప్పేది నాకు సగం అర్థం కాదండీ. ఆ మందులు, ఆ డ్యూటీలు. ఏదో ఒకటి చెప్పాలని ఉద్యోగం మానెయ్ అంటాను, దానికి ఇంకా బాధపడుతుంది." కాసేపు ఆగి, అన్నారు: "మా యార్డులో సాయంత్రం టీ కొట్టు దగ్గర గుమస్తాలందరం చేరతామండీ. మా షావుకార్లను తిట్టుకుంటాం, నవ్వుకుంటాం, ఇళ్ళకు పోతాం. పక్క కొట్టు గుమస్తాకి నా బాధ చెప్పక్కర్లేదు, వాడికీ అదే బాధ. తనకి అలాంటి కొట్టు లేదండీ."

నా ఫైల్లో అప్పటిదాకా రాసుకున్న పేజీల కన్నా ఈ మాట విలువైనది. సమాజ శాస్త్రవేత్త రాబర్ట్ వైస్ 1973లోనే ఒంటరితనాన్ని రెండుగా చూశారు. మనసు విప్పే మనిషి లేని వెలితి ఒకటి, నలుగురిలో ఒకరిగా ఉండే గుంపు లేని వెలితి ఇంకొకటి. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోదాని లోటు తీరదన్నారు. ఇంట్లో ప్రేమించే మనిషి ఉన్నారు, పిల్లలున్నారు. ఆమెకు లేనిది తన వరసలో నిలబడ్డ మనుషులు. కింద నూరు మంది, పైన పదిమంది, పక్కన ఎవరూ లేరు. 2006లో సారా రైట్, ఆమె సహచరులు పనిచోట ఒంటరితనాన్ని విడిగా కొలవడానికి 16 ప్రశ్నలు తయారుచేశారు. అవి అడిగాను. అందరితో మాటామంతీ ఉందా అన్న తరహా ప్రశ్నలకు ఆమె జవాబులు మరీ తక్కువేం కాదు. మనసులో ఉన్నది అర్థం చేసుకునేవాళ్ళు ఇక్కడున్నారా అన్న వైపు ప్రశ్నలకు మాత్రం వరసగా అట్టడుగు అంకెలే.

పక్క కొట్టు

రెండు పనులు సమాంతరంగా నడిపాం.

మొదటిది నోటు పుస్తకం. మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ కాసియొప్పో ఒంటరితనం మీద చేసిన పనిలో ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఒంటరిగా ఉన్న మనసు కాపలా కుక్కలా ఉంటుంది, ఎదుటివాళ్ళ ప్రతి కదలికలోనూ తిరస్కారాన్నే వెతుకుతుంది. ఒంటరితనం తగ్గించే పద్ధతుల మీద వచ్చిన అధ్యయనాలను క్రిస్టఫర్ మాసి, కాసియొప్పో తదితరులు 2011లో కలిపి చూసినప్పుడు, మనుషుల్ని కలపడం కన్నా ఈ ఆలోచనల్ని సరిచేయడమే ఎక్కువ ఫలితం ఇచ్చినట్టు తేలింది. అందుకని పేజీకి మధ్యలో గీత గీయించి, ఎడమవైపు ‘చూసింది’, కుడివైపు ‘అనుకున్నది’ రాయమన్నాను. ఒక రోజు ఎడమవైపు: ‘పీడియాట్రిక్స్ సిస్టర్ నన్ను అడక్కుండా ఇంకో అమ్మాయితో డ్యూటీ మార్చుకుంది.’ కుడివైపు: ‘నేనొక మనిషినన్న లెక్కే లేదు.’ కనుక్కుంటే ఆ అమ్మాయి కొడుక్కి ఆ పొద్దున ఫిట్స్ వచ్చాయి. నెలలో మూడోసారి మార్పు అడగాలంటే భయపడింది. ఆ పేజీ చదివి వినిపిస్తూ ఆమె, "నేనూ ఒకప్పుడు ఇలాగే భయపడేదాన్ని" అన్నారు. అయితే కుడివైపు రాసిందంతా అపోహే కాదు. వాళ్ళు నిజంగానే ఆమెకు దూరం జరిగారు. సెలవు ఇచ్చే చెయ్యి, మెమో రాసే చెయ్యి ఒకటే అయినప్పుడు కొంత దూరం ఉంటుంది. అది పోవాలని పట్టుబట్టడం మానేయడం కూడా ఈ పనిలో భాగమే.

రెండోది, పక్క కొట్టు వెతకడం. సరిసమానమైన హోదా, వేరే ఆస్పత్రి. ఎన్ఏబీహెచ్ శిక్షణలో పక్కన కూర్చున్న విజయవాడ ఇన్‌చార్జ్ ఒకావిడ నంబరు ఆమె ఫోన్‌లో ఉంది. నేను పరిచయం చేయడం పద్ధతి కాదు, చేయాల్సింది ఆమే. మూడు వారాలు చేయలేదు. ఏమనుకుంటారో, పని ఉండి చేశాననుకుంటారేమో అని. చివరికి ఒక రోజు నా దగ్గర్నుంచి వెళ్ళి, పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో గుంటూరు బస్సు కోసం నిలబడి చేశారు. ఇరవై నిమిషాలు ఇద్దరూ దుప్పట్ల కొరత గురించీ, లాండ్రీ వాళ్ళ గురించీ మాట్లాడుకున్నారు. రెండు బస్సులు వెళ్ళిపోయాయి. పెట్టేసే ముందు అటువైపు ఆవిడ, "మీరు భోజనం ఎక్కడ చేస్తారండీ?" అని అడిగారట. ఇది చెబుతున్నప్పుడే ఆమె నా ముందు మొదటిసారి ఏడ్చారు.

ఇప్పుడు వాళ్ళు నలుగురు. నెలకోసారి, రెండో శనివారం సాయంత్రం, ఒకరింట్లో. పేషెంట్ల పేర్లు, ఆస్పత్రుల గుట్లు మాట్లాడకూడదన్నది వాళ్ళే పెట్టుకున్న నియమం. అక్కడ ఆమెను పేరు పెట్టి పిలుస్తారు.

రాత్రి ఫోన్ల సంగతి ఆస్పత్రితో తేల్చుకోవాల్సిందే. శ్వాస వ్యాయామంతో పోయేది కాదది. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా కాల్స్ నైట్ సూపర్‌వైజర్‌కి వెళ్ళాలని ఉత్తరం రాశారు. వారానికి మూడు రాత్రులకు ఒప్పుకున్నారు. మిగతా నాలుగూ ఆమెవే. ఆస్పత్రుల యాజమాన్యాలకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఒక మంచి నర్సును ఇన్‌చార్జ్ చేసేటప్పుడు ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నేర్పిస్తారు, ఆడిట్ నేర్పిస్తారు, రోస్టర్ సాఫ్ట్‌వేర్ నేర్పిస్తారు. రేపటి నుంచి నీ స్నేహితురాళ్ళు నిన్ను చూసి లేచి నిలబడతారని ఒక్కరూ చెప్పరు. ఆ ఒక్కటి ముందే చెప్పి, రాత్రి ఫోన్లు పంచి, పక్క ఆస్పత్రి ఇన్‌చార్జ్‌లతో నెలకో పూట కలిసే వీలు ఇస్తే యాజమాన్యానికి అయ్యే ఖర్చు ఏమంత ఉండదు. చేయకపోతే పోయేది ఇరవై ఏళ్ళ అనుభవం.

మెమో

ఇదంతా అయ్యాక, తొమ్మిదో సెషన్‌లో అసలుది వచ్చింది.

ట్రైనింగ్ రోజుల్లో హాస్టల్లో ఒకే గది పంచుకున్న స్నేహితురాలు అదే ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. ఏమే, ఒసే అనుకునే చనువు. ప్రతి ఫిబ్రవరిలో గుణదల మాత ఉత్సవాలకు ఇద్దరూ కలిసి కొండ ఎక్కేవాళ్ళు. రెండేళ్ళ కిందట ఆ స్నేహితురాలు ఒక పేషెంటుకి వేయాల్సిన ఇంజెక్షన్ పక్క బెడ్ పేషెంటుకి వేసింది. ప్రాణాపాయం జరగలేదు. రూలు ప్రకారం మెమో ఇవ్వాలి. ఇన్‌చార్జ్‌గా సంతకం పెట్టాల్సింది ఈమే. పెట్టారు. మరుసటి రోజు వార్డులో, అందరి ముందు, ఆ స్నేహితురాలు "రిప్లై ఇచ్చాను, చూసుకోండి మేడమ్ గారూ" అంది.

"ఆ గారు ఉంది చూడండి, అది ఇంకా ఇక్కడే ఉందండీ" అని గొంతు దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. ఆ ఏడాది గుణదల వెళ్ళలేదు. ఆ తర్వాతి ఏడాదీ వెళ్ళలేదు.

మెమో ఇవ్వడం తప్పా అని రెండు సెషన్లు మాట్లాడుకున్నాం. తప్పు కాదు. ఇవ్వకపోతే రేపు ఇంకో పేషెంటు. అది ఆమెకూ తెలుసు. మరి రెండేళ్ళుగా నిద్ర పట్టనివ్వనిది ఏమిటి? మెమో ఎలా ఇచ్చారని అడిగాను. కవర్లో పెట్టి వార్డ్ బాయ్ చేత పంపించానన్నారు. అన్నాక తనే ఆగిపోయారు. "నేను వెళ్ళలేదు కదా" అన్నారు మెల్లగా.

ఏం చేయాలో నేను చెప్పలేదు. రెండు వారాల తర్వాత డ్యూటీ దిగే వేళకి స్నేహితురాలి కోసం సైకిల్ స్టాండ్ దగ్గర నిలబడ్డారు. మెమోకి క్షమాపణ అడగలేదు. కవరు ఇంకొకరి చేత పంపినందుకు అడిగారు. ఆవిడ బండి తాళం తిప్పుతూ విని, "అప్పుడే చెప్పి ఉంటే సరిపోయేది" అని వెళ్ళిపోయింది. కరిగిపోయి కౌగిలించుకోవడాలేమీ జరగలేదు. ఇప్పటికీ వార్డులో మేడమ్ అనే అంటుంది, గారు మాత్రం పోయింది. మొన్న ఫిబ్రవరిలో గుణదల ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు.

అంకెలు, ఆ తర్వాత

నాలుగు నెలల్లో 12 సెషన్లు అయ్యాయి. ఒంటరితనం 58 నుంచి 44కి, పీహెచ్‌క్యూ-9 11 నుంచి 5కి దిగాయి. దడ నెలకి ఒకటి రెండుసార్లకు తగ్గింది. జీవిత సంతృప్తి మాత్రం 13 నుంచి 17కే చేరింది. ఒంటరితనం తగ్గితే సంతృప్తి అదే స్థాయిలో పెరుగుతుందనుకోవడం తొందరపాటని ఈ కేసు నాకు నేర్పింది. ఒంటరితనం ఈ వారం ఎలా గడిచిందో చెబుతుంది. సంతృప్తి మొత్తం బతుకు మీద మనిషి ఇచ్చుకునే తీర్పు. ఆ తీర్పులో పాత సంగతులుంటాయి, పిల్లల చదువులుంటాయి, వదులుకున్న దారులుంటాయి. అది నింపాదిగా కదులుతుంది.

ఇన్‌చార్జ్‌లు, సూపర్‌వైజర్లు, హెడ్మాస్టర్లు, బ్యాంకు మేనేజర్లు, ఇలాంటివాళ్ళు దడ, నిద్రలేమి అని వస్తే ఇప్పుడు నేను మొదటి రోజే రెండు ప్రశ్నలు అడుగుతున్నాను. మధ్యాహ్నం ఎక్కడ తింటారు? పనిచోట మిమ్మల్ని పేరు పెట్టి ఎవరు పిలుస్తారు? రెండోదానికి జవాబు చెప్పడానికి పట్టే సమయాన్ని బట్టే చాలా తెలుస్తుంది. మా దాకా రాలేనివాళ్ళకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 ఉంది, తెలుగులో, ఏ వేళకైనా, ఉచితంగా.

ఎనిమిదో నెల చివర ఫాలోఅప్‌కి వచ్చారు. అదే ఐదు వాక్యాలు మళ్ళీ చదివాను. నాలుగింటికీ చకచకా 5, 5, 4, 5 చెప్పేశారు. ఐదోది, ఏదీ మార్చుకోనన్నది, చదివాక పెన్సిల్ నా చేతిలోంచి తీసుకుని కాగితం తన వైపు తిప్పుకున్నారు. రెండుసార్లూ 1 వేసిన చోట 3 చుట్టారు.

మూడు ఎందుకని అడిగాను.

"మెమో మారుస్తానా అంటే మార్చనండీ. వార్డ్ బాయ్‌ని మారుస్తాను. అందుకని మూడు."